అరచేతుల్లో మచ్చలు, మాఘంలో ముహూర్తం

గోదావరి జిల్లాల నుంచి వచ్చి హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటున్న 28 ఏళ్ల పాఠకుడు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు వద్దన్నారు. ఊహ తెలిసినప్పటి నుంచీ ఆయనకు ఆకర్షణ మగవాళ్ల మీదే. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, అక్కకు మాత్రం అనుమానం ఉండొచ్చట. తొమ్మిది వారాల కిందట యాప్‌లో పరిచయమైన ఒకతన్ని కలిశారు. కండోమ్ వాడారు, దానికి కొబ్బరినూనె రాశారు, చివర్లో చూస్తే చిరిగిపోయి ఉంది. మలద్వార సంభోగంలో ఇద్దరూ రెండు పాత్రల్లోనూ ఉన్నారు. 12వ రోజున ప్రైవేటు ల్యాబ్‌లో హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకుంటే 'నాన్ రియాక్టివ్' అని వచ్చింది. మూడో వారం దాటాక పురుషాంగం మీద నొప్పి లేని పుండు ఒకటి లేచింది. మందుల షాపులో అడిగి అజిత్రోమైసిన్ 500 మూడు రోజులు వేసుకున్నారు, మూడు వారాల్లో మానిపోయింది. కార్తీకంలో తాంబూలాలు, మాఘంలో పెళ్లి అని పెద్దలు ఖాయం చేసేశారు. వచ్చే వారం ఆఫీసులో రక్తదాన శిబిరం ఉంది, రక్తం ఇస్తే పరీక్షలు వాళ్లే చేస్తారు కదా అన్నది ఆయన ఆలోచన. నిద్ర పట్టడం లేదని, ఒక్కోసారి తెల్లారకపోతే బాగుండుననిపిస్తుందని రాశారు.

ప్రశ్నలు మూడు. నాకు హెచ్‌ఐవీ లేనట్టేనా? ప్రభుత్వాసుపత్రికి వెళ్తే ఇంటికి కబురు వెళ్తుందా? పెళ్లయితే ఇది తగ్గుతుందా? ఆఖరి పేజీ అంచున, చిన్న అక్షరాల్లో, ఇంకో మాట: "అరచేతుల్లో ఎర్రటి మచ్చలు వచ్చాయి. దురద లేదు. బైకు హ్యాండిల్ వల్లేమో."

*

ముందు ఆ అంచున రాసిన మాటే తీసుకుంటాను. మీ ఉత్తరంలో అన్నిటికన్నా తొందరగా చూడాల్సింది అదే.

నొప్పి లేని, అంచులు గట్టిగా ఉన్న పుండు. అది మానిన కొన్ని వారాలకు అరచేతుల్లోనో అరికాళ్లలోనో దురద లేని మచ్చలు. ఈ రెండూ ఈ వరసలో వస్తే ఏ చర్మ, సుఖవ్యాధుల డాక్టరైనా మొదట అనుమానించేది సిఫిలిస్‌నే. ఉత్తరం చూసి రోగం నిర్ధారించకూడదు, రక్తపరీక్షే చెప్పాలి. అరచేతుల్లో మచ్చలు తెచ్చే జబ్బులు వేరే కూడా ఉన్నాయి. కానీ బైకు హ్యాండిల్ వల్ల వచ్చే ఒరుపు ఒత్తిడి పడేచోటే ఉంటుంది, మంటో దురదో పెడుతుంది. ఈరోజు బట్టలు మార్చుకునేటప్పుడు అరికాళ్లు, ఛాతీ, వీపు కూడా చూసుకోండి. నోట్లో తెల్లటి పొరలా, మలద్వారం దగ్గర తడిగా ఉబ్బెత్తుగా ఏమైనా ఉన్నాయేమో గమనించండి. చూపు మసకబారినా, చెవి వినపడకపోయినా, తట్టుకోలేని తలనొప్పి వచ్చినా వారం ఆగకండి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

అజిత్రోమైసిన్‌తో పుండు మానింది కదా అంటారు. సిఫిలిస్ పుండు ఏ మందూ వేయకపోయినా మూడు నుంచి ఆరు వారాల్లో దానంతట అదే మానుతుంది. కాకి వాలగానే తాటిపండు పడ్డట్టు, పేరు మాత్రకు వచ్చింది. పుండు పోయినా క్రిమి ఒంట్లోనే ఉండి రక్తంలో తిరుగుతుంది, రెండో దశలో చర్మం మీద తేలుతుంది. ఆ మచ్చలూ కొన్నాళ్లకు వాటంతట అవే పోతాయి. అసలు ప్రమాదం అక్కడే. మచ్చలు పోయాయని మనిషి నిశ్చింతగా ఉంటాడు, క్రిమి మాత్రం ఏళ్ల తరబడి గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళాన్నీ మెదడునూ తొలుస్తూ ఉంటుంది.

చేయించుకోవాల్సిన పరీక్షలు రెండు: వీడీఆర్‌ఎల్ లేదా ఆర్‌పీఆర్ ఒకటి, టీపీహెచ్‌ఏ రెండోది. మొదటిది 1:8, 1:32 లాంటి అంకెతో వస్తుంది, దాన్ని టైటర్ అంటారు. ఒక చిన్న చిక్కుంది. రెండో దశలో, క్రిమితో పోరాడటానికి ఒళ్లు తయారుచేసుకునే ప్రతిరక్షకాలు మరీ ఎక్కువై, పల్చన చేయని రక్తంలో ఈ మొదటి పరీక్ష అప్పుడప్పుడూ తప్పుగా నెగటివ్ చూపిస్తుంది. మచ్చలుండి కూడా నెగటివ్ వస్తే, "పల్చన చేసి మళ్లీ చూడండి" అని అడగడం మీ హక్కు. టీపీహెచ్‌ఏ సంగతి వేరు. ఒకసారి పాజిటివ్ అయితే జబ్బు నయమైనా చాలామందిలో జీవితాంతం పాజిటివ్‌గానే ఉంటుంది. పదేళ్ల తర్వాత ఏదో హెల్త్ చెకప్‌లో అది కనపడితే కంగారు పడకుండా ఇప్పటి కాగితాలు దాచుకోండి.

జబ్బు తేలితే వైద్యం సులువే. బెంజాథిన్ పెన్సిలిన్ 24 లక్షల యూనిట్లు, పిరుదులకు చెరో పక్క 12 లక్షల చొప్పున, ఒక్కసారి. సోకి ఏడాది లోపు అయితే ఈ ఒక్క మోతాదు చాలు. ఏడాది దాటినా, ఎప్పుడు సోకిందో తెలియకపోయినా వారానికొకటి చొప్పున మూడు వారాలు. మందు చిక్కగా ఉంటుంది, సన్నటి సూదిలో ఇరుక్కుంటుంది, కాబట్టి లావుపాటి సూదితో లోతుగా, మెల్లగా ఎక్కిస్తారు. రెండు రోజులు కూర్చోవడం కష్టంగానే ఉంటుంది. పెన్సిలిన్ అంటే కొందరు ప్రైవేటు డాక్టర్లు అలర్జీ భయంతో వెనకాడి మాత్రలు రాస్తారు. నిజంగా పెన్సిలిన్ పడనివాళ్లకు డాక్సీసైక్లిన్ 100 రోజుకు రెండుసార్లు 14 రోజులు అనేది ఒప్పుకున్న మార్గమే. పడేవాళ్లకు ఇంజెక్షనే మేలు, మధ్యలో మానేసే అవకాశం ఉండదు. ఇంజెక్షన్ తర్వాత 24 గంటల్లోపు చలిజ్వరం, ఒళ్లునొప్పులు రావచ్చు, మచ్చలు ఇంకా ఎర్రబడవచ్చు. అది క్రిములు ఒక్కసారిగా చావడం వల్ల వచ్చేది. పారాసెటమాల్ వేసుకుని పడుకుంటే ఒక రోజులో పోతుంది. ఊపిరాడకపోవడం, ముఖం వాయడం మాత్రం అలర్జీ. అది వస్తే ఇంజెక్షన్ వేసిన కొద్దిసేపట్లోనే వస్తుంది, అందుకే అరగంట అక్కడే కూర్చోమంటారు. కూర్చోండి. తర్వాత 6 నెలలకు, 12 నెలలకు మళ్లీ అదే పరీక్ష, వీలైతే అదే ల్యాబ్‌లో. టైటర్ కనీసం నాలుగో వంతుకు, అంటే 1:32 ఉన్నది 1:8 కి దిగాలి.

ఇప్పుడు హెచ్‌ఐవీ. 12వ రోజు పరీక్ష అబద్ధం చెప్పలేదు. మీరు అడగని ప్రశ్నకు జవాబు చెప్పింది, అంతే. ఆ రాత్రికి ముందు సంగతి ఏమిటన్నదానికి అది జవాబు. ఆ రాత్రి సోకి ఉంటే 12 రోజులకు రక్తంలో కనపడకపోవచ్చు. ప్రతిరక్షకాలను మాత్రమే వెతికే ర్యాపిడ్ పరీక్షకు 90 రోజుల గడువు పెట్టుకోవాలి. యాంటిజెన్‌ను, అంటే వైరస్ తాలూకు ముక్కను కూడా పట్టే నాలుగో తరం పరీక్ష, చేతి నరం నుంచి రక్తం తీసి ల్యాబ్‌లో చేసేది, 45 రోజులకే నమ్మదగ్గ జవాబిస్తుంది. మీకు 63 రోజులు అయ్యాయి. కాబట్టి మార్గాలు రెండు. ఇప్పుడే నాలుగో తరం పరీక్ష చేయించుకుంటే ఆ రాత్రి విషయం తేలిపోతుంది. ఐసీటీసీలో, అంటే ప్రభుత్వ హెచ్‌ఐవీ కౌన్సెలింగ్, పరీక్షా కేంద్రంలో, ఉచితంగా ర్యాపిడ్ పరీక్ష చేయించుకుంటే ఇప్పుడొకసారి, 90 రోజులు నిండాక ఇంకోసారి వెళ్లాలి. ఈలోగా ఇంకెవరితోనైనా రక్షణ లేకుండా కలిస్తే లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది.

భయం ఎంత పెట్టుకోవాలో కూడా చెప్పాలి. అవతలి మనిషికి హెచ్‌ఐవీ ఉండి, మందులు వాడకుండా ఉన్నప్పుడు, లోపలికి తీసుకున్న వ్యక్తికి సోకే అవకాశం 10,000 సార్లకు సుమారు 138. చేసిన వ్యక్తికి సుమారు 11. పుండు ఉంటే ఇది పెరుగుతుంది. మీరు రాత్రుళ్లు ఊహించుకుంటున్నంత ప్రమాదం కాదు, అలాగని పరీక్ష వాయిదా వేసుకునేంత చిన్నదీ కాదు. ఒకవేళ పాజిటివ్ వచ్చినా, హెచ్‌ఐవీకి వైద్యం చేసే ప్రభుత్వ ఏఆర్‌టీ కేంద్రంలో మందులు ఉచితం. చాలామందికి రోజుకు ఒకటే మాత్ర. క్రమంగా వేసుకుని రక్తంలో వైరస్ కనపడనంతకు తగ్గి అలాగే నిలిచినవాళ్ల నుంచి లైంగికంగా ఇంకొకరికి సోకదు.

రక్తదాన శిబిరానికి మాత్రం వెళ్లకండి. రక్తనిధుల్లో హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా అని ఐదు పరీక్షలు తప్పనిసరి, నిజమే. కానీ మీ రక్తంలో సిఫిలిస్ ఉంటే వాళ్లు పిలిచేది మీరు ఆఫీసు శిబిరంలో రాసిచ్చిన నంబరుకు. మీరు తప్పించుకోవాలనుకున్న రచ్చ అక్కడే మొదలవుతుంది. పైగా గడువు నిండకముందు ఇచ్చిన రక్తం పరీక్షను దాటుకుని ఇంకొకరి నరంలోకి వెళ్లగలదు. జాతీయ రక్తమార్పిడి మండలి 2017 మార్గదర్శకాలు మగవాళ్లతో సంబంధాలున్న మగవాళ్లను, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను శాశ్వతంగా దాతల జాబితా నుంచి తప్పించాయి. ఏం చేశారని కాక ఎవరని చూసి వెళ్లగొట్టే ఆ నియమం సరికాదని సుప్రీంకోర్టులో సవాలు కూడా చేశారు. సరికాదన్న వాదనలో బలముంది. మీ విషయంలో ఆ వాదనతో పనిలేదు. ఎవరైనా సరే, మీకున్న లక్షణాలతో ఇప్పుడు రక్తం ఇవ్వకూడదు.

ఎక్కడికి వెళ్లాలి? ప్రభుత్వ జిల్లా ఆసుపత్రుల్లో, బోధనాసుపత్రుల్లో ఐసీటీసీ ఉంటుంది. లైంగిక వ్యాధులకు సురక్ష క్లినిక్ అని బోర్డు ఉంటుంది, చాలాచోట్ల చర్మవ్యాధుల విభాగంలోనే. దగ్గర్లో ఏది ఉందో 1097 కు ఫోన్ చేస్తే చెబుతారు, కాల్ ఉచితం. ఇంటికి కబురు వెళ్తుందా అన్నారు. వెళ్లదు. 2017 హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం మీ అనుమతి లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం మీ అనుమతి లేకుండా బయటపెట్టకూడదు. చట్టంలో ఉన్న కొద్దిపాటి మినహాయింపుల్లో ముఖ్యమైంది భార్యకో లైంగిక భాగస్వామికో ప్రమాదం ఉందని డాక్టరో కౌన్సెలరో నమ్మినప్పుడు. అప్పుడు కూడా ముందు మీకు నచ్చజెప్పి, మీరు చెప్పరని తేలాక, చెప్పబోతున్నామని మీకు తెలియజేసి, ఆ తర్వాతే. అమ్మానాన్నలకు చెప్పే వీలు ఇందులో లేదు.

గుట్టు రట్టయ్యేది ఎక్కువగా వేరే దారుల్లో. ప్రైవేటు ల్యాబ్ రిపోర్టు వాట్సాప్‌లో వస్తుంది, ఆ నంబరు నాన్నగారి ఫోన్‌లో కూడా తెరిచి ఉంటుంది. కంపెనీ బీమా కింద పరీక్ష చేయిస్తే బిల్లులో పరీక్ష పేరు ఉంటుంది. కాబట్టి సొంత డబ్బుతో కట్టండి, మీ ఒక్కరి నంబరే ఇవ్వండి, రిపోర్టు కాగితం మీద తీసుకుంటానని చెప్పండి.

డాక్టరు దగ్గర తిప్పి చెప్పకండి. "నేను మగవాళ్లతో కలుస్తాను, తొమ్మిది వారాల కిందట కండోమ్ చిరిగింది, తర్వాత పుండు వచ్చి మానింది, ఇప్పుడు అరచేతుల్లో మచ్చలు" అని ఒక్క ఊపులో చెప్పేయండి. మొదటి మూడు మాటలు మింగేస్తే నష్టం మీకే. గనేరియా, క్లమీడియా అనే సుఖవ్యాధులు గొంతులోనూ మలద్వారంలోనూ ఉంటే చాలాసార్లు ఏ లక్షణమూ ఉండదు, మూత్రపరీక్షలో దొరకవు, అక్కడి నుంచే దూదిపుల్లతో నమూనా తీయాలి. చెప్పకపోతే ఎవరూ అక్కడ వెతకరు. వయసొచ్చిన ఇద్దరి ఇష్టపూర్వక సంబంధం 2018 సెప్టెంబర్ 6 నుంచి నేరం కాదు, కాబట్టి డాక్టరుకు చెప్పినందుకు కేసు భయం అక్కర్లేదు. మొహం చిట్లించే డాక్టరు తగిలితే మారండి, వైద్యం మాత్రం ఆపకండి.

ఆ వెళ్లినప్పుడే హెపటైటిస్ బి ఉందో లేదో చెప్పే హెచ్‌బీఎస్ఏజీ పరీక్ష కూడా చేయించండి. నెగటివ్ అయితే హెపటైటిస్ బి టీకా: ఇప్పుడొకటి, నెల తర్వాత ఒకటి, ఆరో నెలలో ఒకటి. మీ చిన్నప్పటికి అది జాతీయ టీకాల పట్టికలో లేదు, కాబట్టి పడి ఉండకపోవచ్చు.

కొబ్బరినూనె గురించి. మన ఇళ్లలో అన్నిటికీ అదే కదా, దీనికీ అదే అనుకుంటారు. మామూలు కండోమ్ రబ్బరుపాలతో చేసింది. ఏ నూనె తగిలినా, కొబ్బరినూనె, వాజెలిన్, బేబీ ఆయిల్, బాడీ లోషన్ ఏదైనా, నిమిషాల్లోనే ఆ పొర బలం పోతుంది. పైకి ఏమీ కనపడదు, ఒరిపిడికి ఒక్కసారిగా పిగులుతుంది. నీటితోనో సిలికాన్‌తోనో చేసిన జెల్ మందుల షాపుల్లో దొరుకుతుంది. అడగడానికి మొహమాటమైతే ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి. ఉమ్మి చాలదు, తొందరగా ఆరిపోతుంది. పాత్ర మారినప్పుడు కొత్త కండోమ్ తొడగాలి. రెండు కలిపి తొడిగితే ఒకదానికొకటి ఒరుసుకుని చిరుగుతాయి. పర్సులో నెలల తరబడి వేడికి నలిగిన కండోమ్‌ను నమ్మకండి.

చిరిగిన రాత్రే తెలిసి ఉండాల్సింది ఇంకొకటుంది. 72 గంటల లోపు మొదలుపెట్టి 28 రోజులు వేసుకుంటే హెచ్‌ఐవీ పట్టుకోకుండా చాలావరకు ఆపే మందు, పెప్ అంటారు. ఎంత తొందరగా మొదలైతే అంత మేలు. ప్రభుత్వాసుపత్రుల్లో ఇది ప్రధానంగా సూది గుచ్చుకున్న సిబ్బందికి, అత్యాచార బాధితులకు ఇచ్చే ఏర్పాటు. మీలాంటివాళ్లు ప్రైవేటు డాక్టరు చీటీతో కొనుక్కోవాల్సి రావచ్చు. అందులో డోలుటెగ్రావిర్ అనే మందు ఉంటే, కడుపుమంటకు తాగే యాంటాసిడ్‌కు 2 గంటల ముందో 6 గంటల తర్వాతో మాత్ర వేసుకోవాలి, లేకపోతే మందు ఒంటికి పట్టదు. ఇప్పుడు మీకు ఆ గడువు దాటిపోయింది, ముందుముందు కోసం చెబుతున్నాను. కలుస్తూ ఉంటాననుకుంటే ముందే వేసుకునే ప్రెప్ ఉంది: టెనోఫోవిర్ 300, ఎమ్‌ట్రిసిటబిన్ 200 కలిసిన మాత్ర. రోజూ వేసుకోవచ్చు. లేదా కలవడానికి 2 నుంచి 24 గంటల ముందు రెండు, మొదటి మోతాదుకు 24 గంటల తర్వాత ఒకటి, 48 గంటలకు ఇంకొకటి. హెపటైటిస్ బి ఉన్నవాళ్లకు ఈ రెండో పద్ధతి పనికిరాదు, ఆపినప్పుడు కాలేయం వాచే ప్రమాదం ఉంది. మొదలుపెట్టే ముందు హెచ్‌ఐవీ లేదని తేలాలి, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూడాలి, మూడు నెలలకోసారి పరీక్ష. సిఫిలిస్‌ను ఇది ఆపదు.

పెళ్లయితే తగ్గుతుందా? తగ్గదు. ఇది జబ్బు కాదు కాబట్టి తగ్గే ప్రశ్నే లేదు. ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ 2018లోనే ఆ మాట స్పష్టంగా చెప్పింది. 'మార్చేస్తాం' అనే చికిత్స వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్ 2022లో రాష్ట్ర మండళ్లకు రాసింది. ఇంట్లో తెలిసి మిమ్మల్ని ఎవరి దగ్గరికైనా లాక్కెళ్తే ఈ ముక్క గుర్తుంచుకోండి.

మీరు రెండు గడియారాలను ఒకటి చేసేశారు. పరీక్షలన్నీ నెగటివ్ వస్తే పెళ్లి చేసేసుకోవచ్చు, పాజిటివ్ వస్తే ఎగ్గొట్టడానికి సాకు దొరుకుతుంది అన్న లెక్క ఉత్తరమంతా కనపడుతోంది. రక్తం రిపోర్టుకు ఆ పని అప్పగించకండి. సిఫిలిస్ ఇంజెక్షన్‌తో పోతుంది. ఆ అమ్మాయి మీద మీకు ఆకర్షణ లేకపోవడం పోదు.

మీ ముందున్న దారులు నాలుగు. చెప్పకుండా చేసుకోవడం ఒకటి. తాంబూలాలకు ఎవరూ నొచ్చుకోరు, ఆ తర్వాత రోజూ ఒక మనిషి "నాలో ఏం లోపం" అనుకుంటూ పడుకుంటుంది. నయం కాని సిఫిలిస్ ఉంటే అది ఆమెకు, రేపు కడుపులో పడ్డ బిడ్డకూ చేరుతుంది. సోకే దశలో ఉన్న సుఖవ్యాధి విడాకులకు ఒక కారణమని హిందూ వివాహ చట్టంలోనే ఉంది. ఇది మీ ఇష్టం అని నేను అనలేను. ఇందులో సగం ఇష్టం ఆమెది, ఆమెను ఎవరూ అడగలేదు.

రెండోది, కారణం చెప్పకుండా వద్దనడం. "నేను ఇప్పుడు చేసుకోను" అని ఎన్నిసార్లైనా అదే వాక్యం. తిట్లు తప్పవు, ఏడాదికి ఇంకో సంబంధం తెస్తారు. కానీ తాంబూలాలకు ముందు ఆగిన సంబంధానికీ శుభలేఖలు పంచాక ఆగినదానికీ ఆడపిల్లవాళ్ల ఇంట్లో చాలా తేడా ఉంటుంది.

మూడోది, ఆ అమ్మాయితో విడిగా మాట్లాడటం. నిజాయితీ గల దారి, జాగ్రత్త కూడా కావాలి. ఆమె వాళ్ల ఇంట్లో చెబుతుందని, అక్కణ్నుంచి మీ ఇంటికి వస్తుందని అనుకునే మాట్లాడాలి. రాతలో ఏమీ పెట్టకండి. నాలుగోది ఇంట్లో చెప్పడం. అమ్మానాన్నలతో కాక అక్కతో మొదలుపెట్టండి. పండగ పూట కాదు, బావగారి ముందు కాదు, అక్క హైదరాబాద్ వచ్చినప్పుడు. దానికి ముందు మీ సర్టిఫికెట్లు, ఆధార్, పాస్‌పోర్టు మీ గదికి తెచ్చుకోండి. జీతం పడే ఖాతా మీ ఒక్కరి పేరునే ఉండాలి. రెండు నెలల ఖర్చుకు డబ్బు, రెండు రాత్రులు తలదాచుకునేందుకు ఒక స్నేహితుడి ఇల్లు చూసుకోండి. చాలా ఇళ్లలో ఇవేవీ అక్కర్లేకుండానే గడిచిపోతుంది. అవసరం పడ్డ ఇంట్లో మాత్రం ఇవి లేకపోతే చాలా కష్టం.

రెండోదీ నాలుగోదీ కలపొచ్చు: ఇప్పుడు వద్దని చెప్పి, అసలు సంగతి అక్కతో నిదానంగా. మీ ఉత్తరాన్ని బట్టి నాకు అదే కుదురుతుందనిపిస్తోంది. మీ ఇల్లు నాకన్నా మీకే తెలుసు.

తెల్లారకపోతే బాగుండునన్న ఆలోచనను చిన్నదిగా చూడకండి. మనసు బాధలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలీమానస్, 14416, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఆ ఆలోచన ఎలా చేయాలనేదాకా వెళ్తే ఒంటరిగా గదిలో ఉండకండి, రూమ్మేట్‌ను లేపండి, లేదా దగ్గర్లోని ఎమర్జెన్సీకి వెళ్లి ఆ మాటే చెప్పండి. పరీక్ష ఫలితం తీసుకునే రోజు సాయంత్రం కూడా ఒక్కరే ఉండకుండా చూసుకోండి.

చివరగా ఆ రెండో మనిషి. భయమేసి యాప్‌లో బ్లాక్ చేశానన్నారు. అతనికి కూడా పుండు లోపల ఎక్కడో వచ్చి, కనపడకుండానే మాని ఉండవచ్చు. పరీక్షలో సిఫిలిస్ తేలితే బ్లాక్ తీసి ఇంత రాస్తే చాలు: "నాకు సిఫిలిస్ తేలింది, వైద్యం చేయించుకున్నాను. నువ్వు కూడా వీడీఆర్‌ఎల్, హెచ్‌ఐవీ పరీక్షలు చేయించుకో, సురక్ష క్లినిక్‌లో ఉచితం." ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో తేల్చడానికి దిగొద్దు. గత ఆరేడు నెలల్లో ఇంకెవరినైనా కలిసి ఉంటే వాళ్లకూ ఇదే మెసేజ్. రాయలేకపోతే క్లినిక్‌లోని కౌన్సెలర్‌ను అడగండి, మీ పేరు రాకుండా చెప్పే ఏర్పాటు ఉందేమో చూస్తారు. ఇంజెక్షన్ తర్వాత కనీసం వారం, మచ్చలు పూర్తిగా మానేదాకా, ఎవరినీ కలవకండి.